ఇంటి వీడియో నుంచి ఉత్సవ తెరకు: యాంగ్ యోంగ్-హి కుటుంబ డాక్యుమెంటరీలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

స్వతంత్ర డాక్యుమెంటరీకి చలనచిత్రోత్సవమే గమ్యమని సాధారణంగా భావిస్తారు. అయితే చిత్రవస్తువు దర్శకుల సొంత కుటుంబమే అయినప్పుడు ఉత్సవ ప్రదర్శన ఆ కుటుంబ సంబంధాలను సైతం మార్చివేయగలదు. జపాన్‌లో పుట్టి పెరిగిన కొరియన్ దర్శకురాలు యాంగ్ యోంగ్-హి తీసిన ‘డియర్ ప్యాంగ్యాంగ్’ (2005), ‘సోనా, ది అదర్ మైసెల్ఫ్’ (2009), ‘సూప్ అండ్ ఐడియాలజీ’ (2021) అనే డాక్యుమెంటరీలను, వీటి మధ్య వచ్చిన ‘అవర్ హోమ్‌ల్యాండ్’ (2012) అనే కథాచిత్రాన్ని ఆధారంగా తీసుకొని ఈ వ్యాసం ఆ మార్పును పరిశీలిస్తుంది. ఉత్సవ ప్రదర్శన తెచ్చిన పర్యవసానాలే ఆమె తరువాతి చిత్రాల రూపాన్ని నిర్ణయించాయన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: స్వతంత్ర డాక్యుమెంటరీ, చలనచిత్రోత్సవం, కుటుంబం, అస్తిత్వం, జైనిచి కొరియన్లు, సమ్మతి, ఉపశీర్షికలు.

1. ప్రస్తావన

స్వతంత్ర డాక్యుమెంటరీల గురించిన చర్చల్లో చలనచిత్రోత్సవం రెండు విధాలుగా కనిపిస్తుంది. థియేటర్లు, టీవీ చానళ్ళు పట్టించుకోని చిత్రానికి ప్రేక్షకులను సంపాదించిపెట్టే ప్రత్యామ్నాయ మార్గం అన్నది మొదటి అభిప్రాయం. ఏ చిత్రం ‘ప్రపంచ సినిమా’ అనిపించుకోవాలో నిర్ణయించే అధికార వ్యవస్థ అన్నది రెండవది. మరైకె డి వాక్ 2007లో ప్రచురించిన గ్రంథం తరువాత ఉత్సవాల అధ్యయనం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం నిర్వాహకులు, ఎంపిక కమిటీలు, విక్రయ సంస్థలు, ఆతిథ్య నగరాలు, నిధులు మొదలైన వాటి చుట్టూ తిరుగుతుంది. తెరమీద కనిపించిన మనుషులకు ప్రదర్శన తరువాత ఏమైందన్న ప్రశ్న వాటిలో అరుదుగా వినిపిస్తుంది.

మరోవైపు, దర్శకులు తమ కుటుంబ సభ్యులనే చిత్రించే ధోరణిని మైఖేల్ రెనోవ్ ఒక రకమైన ‘గృహ జాతివర్ణన’గా గుర్తించాడు. తల్లినో తండ్రినో చిత్రిస్తున్న వ్యక్తి వారి ద్వారా తనను తాను వెతుక్కుంటాడని, చిత్రించేవారికీ చిత్రితులకూ నడుమ గీత చెరిగిపోతుందని ఆయన వాదన సారాంశం. ఇంటి గడప వరకు ఈ సూత్రీకరణ చక్కగా పనికివస్తుంది. చిత్రం గడప దాటిన వెంటనే ఆ చెరిగిన గీత మళ్ళీ ఏర్పడుతుంది. దర్శకుడు విమానమెక్కి బెర్లిన్‌కు వెళ్తాడు, కుటుంబం ఇంట్లోనే ఉంటుంది. వేదికమీద ప్రశ్నలకు జవాబు చెప్పేది ఒకరు, ఆ జవాబుల ఫలితాన్ని అనుభవించేది మరొకరు.

ఉత్సవాలకు కొన్ని కథలంటే ప్రత్యేకమైన ఇష్టం. జొనాథన్ కవెట్ తన తల్లి మానసిక అనారోగ్యం గురించీ తన బాల్యం గురించీ పాత వీడియోలతో, ఫోటోలతో కూర్చిన ‘టార్నేషన్’ 2004లో సన్‌డాన్స్‌కూ, ఆ తరువాత కాన్‌కూ వెళ్ళింది. దానికి అయిన ఖర్చు 218 డాలర్లేనన్న మాట చిత్రం కంటే వేగంగా ప్రచారమైంది. అందులో వాడిన పాటల హక్కులు కొని, థియేటర్‌కు తగినట్లు ధ్వని సరిచేసేసరికి ఖర్చు లక్షల డాలర్లకు చేరింది. ఆ రెండవ అంకె ఎవరికీ గుర్తులేదు. తల్లి జీవితంలోని అతి బాధాకరమైన క్షణాలను అపరిచితులు చూడడానికి ఏ ఖాతాలో లెక్క రాయాలన్నది ఈ అంకెల చర్చలో రాలేదు. యాంగ్ యోంగ్-హి విషయంలో ఆ లెక్కను తప్పించుకోవడం సాధ్యం కాదు. ఆమె చెల్లించిన మూల్యం తేదీలతో సహా కనిపిస్తుంది.

2. ఒసాకాలో ఒక ఇల్లు

యాంగ్ యోంగ్-హి 1964లో ఒసాకాలో పుట్టింది. జపాన్ వలసపాలన కాలంలో అక్కడికి వచ్చి స్థిరపడిన కొరియన్లను, వారి సంతతిని ‘జైనిచి’ అంటారు. ‘జపాన్‌లో ఉంటున్నవారు’ అని ఆ మాటకు అర్థం. మూడు తరాలు గడిచినా ‘ఉంటున్నవారు’ అనే పిలవడంలో ఆ సమాజపు చరిత్ర సగం ఇమిడి ఉంది. ఆమె తండ్రి దక్షిణాన ఉన్న జెజు ద్వీపంనుంచి వచ్చినవాడు. అయినప్పటికీ ఉత్తర కొరియాకు విధేయమైన చోంగ్ర్యోన్ సంఘంలో ఒసాకా నాయకుడిగా జీవితమంతా పనిచేశాడు. పుట్టిన ఊరు ఒక దేశంలో, నమ్మిన రాజ్యం మరొక దేశంలో, బతుకు మూడవ దేశంలో.

1959 డిసెంబరులో నీగాటా ఓడరేవునుంచి మొదటి ఓడ బయలుదేరింది. జపాన్, ఉత్తర కొరియాల రెడ్‌క్రాస్ సంఘాల ఒప్పందంతో మొదలైన ఈ ‘స్వదేశాగమన’ పథకం కింద 1984 వరకు సుమారు 93,000 మంది ఉత్తర కొరియాకు వెళ్ళారు. వారిలో అత్యధికుల మూలాలు దక్షిణ ప్రాంతంలో ఉన్నాయి కనుక ‘స్వదేశం’ అన్న మాటే వివాదాస్పదం. ఉద్యోగాల్లోనూ సంక్షేమంలోనూ ఎదురైన వివక్ష, ఉత్తరం గురించి జరిగిన ప్రచారం మాత్రమే కాక, ఈ మనుషులను వదిలించుకోవాలన్న జపాన్ ప్రభుత్వ ఆసక్తి కూడా ఇందులో ఉందని టెస్సా మోరిస్-సుజుకి పరిశోధన చూపింది. 1970ల ఆరంభంలో యాంగ్ ముగ్గురు అన్నలు, యుక్తవయస్సులో ఉన్నవారు, ఇదే దారిలో వెళ్ళారు. పంపినవాడు తండ్రే. ఇంట్లో మిగిలిన చిన్న కూతురు తరువాతి కాలంలో రేడియోలో, నాటకరంగంలో పనిచేసి, న్యూయార్క్‌లో మీడియా చదివి, 1990ల మధ్యనుంచి చేతి వీడియో కెమెరాతో ఇంటినీ, ప్యాంగ్యాంగ్ ప్రయాణాలనూ చిత్రించసాగింది.

3. ‘డియర్ ప్యాంగ్యాంగ్’: పెట్టెలు, పతకాలు, పరుపు పక్కన సంభాషణ

107 నిమిషాల ‘డియర్ ప్యాంగ్యాంగ్’లో రాజకీయ ప్రసంగాలు తక్కువేమీ లేవు. చిత్రానికి ప్రాణం మాత్రం తల్లి కట్టే పెట్టెల్లో ఉంది. చలికాలంలో ఒంటికి వెచ్చదనమిచ్చే పొట్లాలు, పెన్సిళ్ళు, నిత్యావసర వస్తువులు ఒక్కొక్కటిగా అట్టపెట్టెల్లో సర్దుతూ కొడుకులకూ మనుమలకూ పంపుతుంది. ఉత్తర కొరియా సుభిక్షంగా ఉందని సంఘం సభల్లో చెప్పే కుటుంబం, అక్కడి పిల్లలకు పెన్సిళ్ళు పంపవలసి వస్తోంది. ఈ వైరుధ్యాన్ని కథనం ఎక్కడా ఎత్తిచూపదు. తల్లి చేతులు ఆ పనిలో ఎంతగా ఆరితేరాయో చూపించి ఊరుకుంటుంది. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్ళిన బిడ్డకు పచ్చళ్ళు, పొడులు మూటగట్టిన తెలుగు ఇళ్ళవారికి ఆ చేతులు తెలిసినవే. తేడా ఏమిటంటే, ఇక్కడ పెట్టె వెనక్కి తిరిగివచ్చే దారి మనిషికి లేదు.

తండ్రి డెబ్బయ్యవ పుట్టినరోజు వేడుక ప్యాంగ్యాంగ్‌లో జరుగుతుంది. పతకాలతో నిండిన కోటు ధరించి ఆయన ప్రసంగిస్తాడు. కుటుంబం అంతా ఒక్కచోట చేరిన ఆ అపురూపమైన సందర్భంలో, ఇంతవరకు చేసింది చాలదని, పిల్లలనూ మనుమలనూ మరింత నిబద్ధులుగా తీర్చిదిద్దాలని చెబుతాడు. కెమెరా పట్టుకున్న కూతురు ఏమి ఆశించి అక్కడ నిలబడిందో, ఆమె నిర్ఘాంతపోవడం కథనంలో వినిపిస్తుంది. అదే మనిషి ఒసాకా ఇంట్లో బనియనుతో కూర్చుని, కూతురి పెళ్ళి గురించి సరదాగా మాట్లాడుతూ, అమెరికన్‌నూ జపనీయుడినీ తప్ప ఎవరినైనా చేసుకోమంటాడు. బనియనుకూ పతకాల కోటుకూ మధ్య ఉన్న దూరమే ఈ చిత్ర నిర్మాణసూత్రం.

చిత్రం చివరి భాగంలో రాత్రి పూట, పడుకునే ముందు సాగే ఒక సంభాషణ ఉంది. కొడుకులను పంపడం గురించి కూతురు అడుగుతుంది. అప్పట్లో అన్నీ బాగుపడతాయనే నమ్మకం ఉండేదని, బహుశా పంపకుండా ఉండవలసిందేమోనని అర్థం వచ్చేలా ఆయన తడబడుతూ మాట్లాడతాడు. జీవితమంతా సంఘానికి అంకితమైన మనిషి నోట ఆ మాత్రం మాట వెలువడడం అసాధారణం. తన జాతీయతను దక్షిణ కొరియాకు మార్చుకుంటానని, వృత్తికీ ప్రయాణాలకూ అది అవసరమని ఆమె అడిగితే, అందుకూ అడ్డుచెప్పడు. తరువాత కొద్ది కాలానికే ఆయన పక్షవాతంతో ఆసుపత్రి మంచం పడతాడు. చిత్రం ఆ మంచం పక్కనే ముగుస్తుంది.

ఈ రెండవ అనుమతిని విమర్శకులు సాధారణంగా తండ్రి మనసు మెత్తబడిందనడానికి నిదర్శనంగా చూస్తారు. అందులో మరొక అంశం ఉంది. అంతర్జాతీయ ఉత్సవాలకు స్వేచ్ఛగా వెళ్ళాలంటే దర్శకురాలికి పాస్‌పోర్టు కావాలి. ఉత్తర కొరియాకు విధేయుడైన తండ్రి ఇంట్లో ఆ పాస్‌పోర్టు ఒక రాజకీయ నిర్ణయం. అంటే, ‘డియర్ ప్యాంగ్యాంగ్’ తన ప్రయాణానికి కావలసిన కాగితం కోసం జరిగిన బేరసారాన్ని తనలోనే చిత్రించుకుంది. తండ్రి కూతురికి ప్రయాణించడానికి అనుమతి ఇచ్చాడు. పరుపు పక్కన చెప్పిన మాటలు ఏ ఏ దేశాల తెరలమీద వినిపిస్తాయో ఆయన ఊహించాడా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు చిత్రంలో సమాధానం లేదు. పూర్తయిన చిత్రం ఉత్సవాలకు వెళ్ళేనాటికి ఆయన మంచంమీద ఉన్నాడు.

4. ఉత్సవాల సంవత్సరం, దాని పర్యవసానం

2005లో యమగాటా అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవంలోనూ, 2006లో సన్‌డాన్స్, బెర్లిన్ ఉత్సవాల్లోనూ ‘డియర్ ప్యాంగ్యాంగ్’ ప్రదర్శితమైంది. సన్‌డాన్స్‌లో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగపు ప్రత్యేక జ్యూరీ బహుమతి, బెర్లిన్ ఫోరం విభాగంలో నెట్‌పాక్ బహుమతి లభించాయి. నెట్‌పాక్ ఆసియా సినిమా ప్రోత్సాహానికి ఏర్పడిన సంస్థ. దాని స్థాపనలో ఢిల్లీకి చెందిన విమర్శకురాలు అరుణా వాసుదేవ్ పాత్ర ముఖ్యమైనది. ఒకే చిత్రం ఒక చోట ‘ప్రపంచ’ చిత్రంగా, మరొక చోట ‘ఆసియా’ చిత్రంగా బహుమతి పొందింది. ‘జైనిచి’ అన్న గడి ఏ ఉత్సవ ప్రణాళికలోనూ ఉండదు. ఎంట్రీ ఫారంలో దేశం పేరు రాయవలసిన చోట ‘జపాన్’ అని రాయాలి. ఏ దేశానికీ పూర్తిగా చెందని కుటుంబం గురించిన చిత్రం ఒక దేశపు ప్రతినిధిగానే తెరకెక్కుతుంది.

తరువాత జరిగింది సంక్షిప్తంగా చెప్పవచ్చు. చోంగ్ర్యోన్ సంఘం ఆమెను క్షమాపణ లేఖ రాయమని కోరింది. ఆమె రాయలేదు. ఉత్తర కొరియాలో ప్రవేశం నిషిద్ధమైంది. పదేళ్ళపాటు కెమెరాతో వెళ్ళివచ్చిన దారి మూతపడింది. అన్నలనూ, వారి పిల్లలనూ చూసే అవకాశం పోయింది. తండ్రి 2009లో మరణించాడు. అదే సంవత్సరం పెద్దన్న ప్యాంగ్యాంగ్‌లో మరణించాడు.

ఈ ఘటనాక్రమాన్ని ఉత్సవ ప్రచార సాహిత్యం ‘సాహసం’ అన్న ఒక్క మాటతో పరిచయం చేస్తుంది. ఆ మాట దర్శకురాలికి తగినదే. కానీ అది పాస్‌పోర్టు ఉన్న ఒక్కరినే లెక్కలోకి తీసుకుంటుంది. ప్యాంగ్యాంగ్‌లోని అన్నలు, వదినలు, పిల్లలు ఈ సాహసంలో పాలుపంచుకుంటామని చెప్పలేదు, వద్దని చెప్పే పరిస్థితీ వారికి లేదు. డాక్యుమెంటరీ నైతికత గురించి 1976లోనే రాసిన కాల్విన్ ప్రైలక్, చిత్రీకరించేవారు పని ముగించుకొని వెళ్ళిపోతారని, చిత్రితులు మాత్రం ఆ పర్యవసానాలతో అక్కడే బతకాలని హెచ్చరించాడు. ఆయన దృష్టిలో ఉన్నది బయటినుంచి వచ్చే దర్శకుడు. సొంత కుటుంబాన్ని చిత్రించినవారు వెళ్ళిపోలేరు కనుక సమస్య తీరుతుందని తరువాతి చర్చల్లో ఒక భావన ఏర్పడింది. యాంగ్ ఉదంతం ఆ భావనను తిరగరాస్తుంది. ఇక్కడ దర్శకురాలికి తిరిగి వెళ్ళే దారి లేకుండా పోయింది, చిత్రితులకు బయటికి వచ్చే దారి మొదటినుంచీ లేదు.

అయితే దీనినిబట్టి చిత్రం ప్రదర్శించకుండా ఉండవలసిందని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. తన పేరు ప్రపంచానికి తెలియడమే అన్నల కుటుంబాలకు రక్షణ కాగలదన్న ఆలోచనను ఆమె తరువాతి సంవత్సరాల్లో బహిరంగంగా వ్యక్తం చేసింది. ఈ తర్కం విచిత్రంగా అనిపించవచ్చు. మౌనంగా ఉన్న వేలాది కుటుంబాలకు మౌనం రక్షణ ఇచ్చిందనడానికి ఆధారం ఏముందని అడిగితే, ఆ తర్కానికి బలం చేకూరుతుంది. బెదిరింపుకు లొంగి లేఖ రాసి ఉంటే, అన్నలను తాకట్టుగా ఉంచుకునే విధానం పనిచేస్తుందని ఆమె స్వయంగా ధ్రువీకరించినట్లయ్యేది. ఉత్సవం తెచ్చిన ప్రమాదాన్ని మరిన్ని ఉత్సవాలతోనే ఎదుర్కోవాలన్న నిర్ణయం ఆమె తరువాతి చిత్రాలన్నిటికీ మూలం. ఆ నిర్ణయం సరైనదేనని నిరూపించడం బయటివారికి సాధ్యం కాదు. వేరే నిర్ణయం మెరుగైనదని నిరూపించడమూ సాధ్యం కాదు.

5. ఆపిన కెమెరా

‘సోనా, ది అదర్ మైసెల్ఫ్’ మేనకోడలి గురించిన చిత్రం. కొత్తగా చిత్రీకరించే వీలులేని స్థితిలో, పాత ప్రయాణాల వీడియోలను తిరిగి కూర్చి చేసినది. ‘డియర్ ప్యాంగ్యాంగ్’లో అంచున కనిపించిన బాలిక ఇక్కడ కేంద్రంలోకి వస్తుంది. విమర్శకులు దీనిని మొదటి చిత్రానికి కొనసాగింపుగా, కొంత తేలికపాటి కృతిగా చూడడం కద్దు. నిజానికి సమ్మతి గురించి మొదటి చిత్రం వదిలేసిన ప్రశ్నకు సమాధానం వెతికింది ఇదే.

ఒక సందర్భంలో సోనా కెమెరా ఆపమని అత్తను అడుగుతుంది. దృశ్యం ఆగిపోతుంది. బయటి ప్రపంచంలో అత్త చూసిన నాటకాల గురించి ఆ పిల్ల అడిగిన సంగతి తెరమీద అక్షరాలుగా మాత్రమే తెలుస్తుంది. ఈ ఘట్టాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. పిల్ల కోరికను మన్నించి కెమెరా ఆపడం గౌరవం. ఆపిన తరువాత జరిగిన మాటలను అక్షరాల్లో చెప్పడం ఆ గౌరవాన్ని సగం వెనక్కి తీసుకోవడం. దర్శకురాలు ఈ ఇబ్బందిని దాచకుండా నల్లటి తెరమీద పెట్టింది. నాటకాల గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా కెమెరా ముందు పలకరానిదని ఆ పిల్లకు తెలుసన్న సత్యం ఏ దృశ్యంతోనూ అంత బలంగా రాదు. ఉత్సవ ప్రేక్షకులకు ఉత్తర కొరియా నుంచి సాధారణంగా అందేది కవాతు దృశ్యాలు. ఈ చిత్రం వారికి ఒక ఖాళీ తెరను ఇచ్చింది.

6. రెండు పోలికలు

సారా పోలీ తీసిన ‘స్టోరీస్ వి టెల్’ 2012లో వెనిస్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. తన జన్మకు కారణమైన తండ్రి తనను పెంచిన తండ్రి కాదన్న విషయం చుట్టూ అల్లిన చిత్రమిది. ఈ రహస్యం తెలిసిన పాత్రికేయులను ఆమె కొన్నేళ్ళపాటు రాయవద్దని కోరి ఆపింది. ప్రదర్శన సమయానికి కెనడా జాతీయ చలనచిత్ర మండలి వేదికమీద తానే ఒక లేఖ ప్రచురించి విషయం వెల్లడించింది. ఉత్సవంలో ఎవరు ఏమి అడుగుతారో ముందే ఊహించి, కుటుంబ రహస్యం బయటపడే తీరును తన చేతిలో ఉంచుకుంది. ఈ నేర్పు మెచ్చదగినదే. దాని వెనుక ఒక సంస్థ అండ, సందేహంలేని పౌరసత్వం, సహకరించే పత్రికారంగం ఉన్నాయి. ఆ కుటుంబం పణంగా పెట్టింది ఏకాంతాన్ని. యాంగ్ కుటుంబం పణంగా పెట్టింది వీసాను.

సంధ్యా సూరి ‘ఐ ఫర్ ఇండియా’ కూడా ‘డియర్ ప్యాంగ్యాంగ్’ కాలపు చిత్రమే. 1960ల మధ్యలో ఇంగ్లండుకు వెళ్ళిన వైద్యుడైన తండ్రి సూపర్ 8 కెమెరాలు, ప్రొజెక్టర్లు, టేప్ రికార్డర్లు రెండేసి కొని, ఒక జత భారతదేశంలోని ఇంటికి పంపాడు. ఉత్తరాలకు బదులు రీళ్ళు, టేపులు అటూ ఇటూ తిరిగాయి. వాటినుంచే కూతురు చిత్రం కూర్చింది. ఇక్కడ కుటుంబమే ముందుగా తనను తాను చిత్రించుకుంది, కూతురు సంకలనకర్త మాత్రమే. ఎప్పుడు తిరిగివస్తావన్న ఇంటివారి ప్రశ్న టేపుల్లో ఏళ్ళ తరబడి వినిపిస్తుంది. 1982లో ఆ కుటుంబం తిరిగివచ్చి, ఇమడలేక మళ్ళీ వెళ్ళిపోయింది. వలస గురించిన తెలుగు కథలు చదివినవారికి ఈ వృత్తం పరిచితమే. అమెరికాలోని తెలుగు కుటుంబాల అటకలమీద ఇటువంటి టేపులు ఎన్ని ఉన్నాయో, వాటిని చిత్రాలుగా మలిచే కూతుళ్ళు, కొడుకులు ఎప్పుడు వస్తారో ఎదురుచూడవలసిన విషయం. రీళ్ళు దేశాల మధ్య తిరిగిన కుటుంబానికి తిరిగివచ్చే స్వేచ్ఛ ఉంది. అందుకే ఆ చిత్రంలో విషాదం ఉన్నా భయం లేదు.

7. ఉపశీర్షికలో పోయినవి

యాంగ్ ఇంట్లో ఒసాకా మాండలికపు జపనీస్, కొరియన్ కలిసి వినిపిస్తాయి. వేడుక ప్రసంగంలోని భాష ఒకటి, భోజనాల దగ్గరి భాష మరొకటి. పిల్లలను పలకరించేటప్పుడు, కార్యకర్తగా మాట్లాడేటప్పుడు తండ్రి స్వరం మారుతుంది. బనియను, కోటు మధ్య దూరమని పైన చెప్పుకున్నది భాషలోనూ ఉంది. ఉత్సవాల కోసం వేసే ఆంగ్ల ఉపశీర్షికలో ఇదంతా ఒకే చదునైన వాక్యమవుతుంది. హైదరాబాదు పాతబస్తీ ఇంట్లో ఉర్దూ, తెలంగాణ తెలుగు, ఆఫీసు ఇంగ్లీషు కలగలిసిన సంభాషణను ఆంగ్ల ఉపశీర్షికతో చూసినప్పుడు ఏమి పోతుందో తలచుకుంటే ఈ నష్టం అర్థమవుతుంది.

శీర్షికల సంగతీ అంతే. ‘అవర్ హోమ్‌ల్యాండ్’ జపనీస్ పేరు ‘కజోకు నో కుని’. ‘కుటుంబపు దేశం’ అని దాని అర్థం. కుటుంబం ఉన్న దేశమా, కుటుంబమే దేశమా అన్న శ్లేష అందులో ఉంది. ఆంగ్ల శీర్షిక దానిని ‘మన మాతృభూమి’ అన్న ప్రకటనగా కుదించింది. ఎవరి మాతృభూమి అన్నదే చిత్రం అడిగే ప్రశ్న కాగా, శీర్షిక ముందే జవాబు చెప్పేసింది.

ఆ చిత్రం కథాచిత్రం కావడానికి కారణం కూడా ఉత్సవ పర్యవసానమే. వైద్యం కోసం ఉత్తర కొరియానుంచి పాతికేళ్ళ తరువాత జపాన్‌కు వచ్చిన అన్న, ఆయన వెంట వచ్చిన నిఘా మనిషి, చికిత్స పూర్తికాకుండానే వెనక్కి రమ్మన్న ఆజ్ఞ. దర్శకురాలి కుటుంబ అనుభవమే దీనికి మూలం. అటువంటి ఘటనను డాక్యుమెంటరీగా తీయడం అప్పటికి అసాధ్యం. నటులు అన్నల స్థానంలో నిలిచారు. 2012 బెర్లిన్ ఫోరంలో ప్రదర్శన తరువాత ఈ చిత్రాన్ని జపాన్ ఆస్కార్‌కు తన అధికారిక ఎంట్రీగా పంపింది. ఆమె అన్నలను ఓడ ఎక్కించి పంపడంలో ఆసక్తి చూపిన రాజ్యం, నలభై ఏళ్ళ తరువాత ఆ కథకు సొంతదారుగా నిలబడింది. విడ్డూరమే అయినా, చిత్రానికి అందువల్ల మేలే జరిగింది.

8. అనుమతి అనే గడప: భారతీయ సందర్భం

భారతదేశంలో కుటుంబం, అస్తిత్వం గురించిన డాక్యుమెంటరీకి ఉత్సవ మార్గం మరో చోట ఇరుకవుతుంది. సెన్సార్ ధ్రువపత్రం లేని చిత్రాన్ని ఉత్సవంలో ప్రదర్శించాలంటే కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇవ్వాలి. 2017లో కేరళ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవానికి ఎంపికైన మూడు చిత్రాలకు ఆ మినహాయింపు నిరాకరించారు. వాటిలో పి.ఎన్. రామచంద్ర తీసిన ‘ది అన్‌బేరబుల్ బీయింగ్ ఆఫ్ లైట్‌నెస్’ ఒకటి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో రోహిత్ వేముల మరణం తరువాతి పరిస్థితులు దాని వస్తువు.

దీపా ధన్‌రాజ్ ‘వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ (2018) అదే ఉద్యమాన్ని చిత్రించింది. రోహిత్ కులం ఏదన్న వివాదం అతని తల్లి రాధిక వేముల పుట్టుక, పెంపకం, పెళ్ళిళ్ళ చుట్టూ తిరిగింది. ఒక తల్లి తన కుటుంబ గాథను కమిషన్ల ముందు, అధికారుల ముందు సాక్ష్యంగా చెప్పుకోవలసి వచ్చింది. ‘కుటుంబం, అస్తిత్వం’ అన్న జంటపదం ఉత్సవ ప్రణాళికల్లో ఆత్మీయమైన, మృదువైన వస్తువుగా కనిపిస్తుంది. తెలుగు నేలమీద అది కులధ్రువీకరణ పత్రం రూపం తీసుకుంది. ఉత్తర కొరియా సంఘం అడిగిన క్షమాపణ లేఖకూ, ఇక్కడి మినహాయింపు నిరాకరణకూ పోలిక తెచ్చి రెండు వ్యవస్థలూ ఒకటేననడం సరికాదు. ఇక్కడ న్యాయస్థానాలు, పత్రికలు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో ప్రదర్శనలు అనే మార్గాలు మిగిలి ఉన్నాయి. పోలిక పరిమితమైనది: చిత్రం బయటికి రావడానికి కావలసిన కాగితం రెండు చోట్లా కుటుంబం గురించిన ప్రశ్నను రాజ్యం చేతిలో పెడుతుంది.

9. ‘సూప్ అండ్ ఐడియాలజీ’: తల్లి వైపు కథ

పదహారేళ్ళ తరువాత వచ్చిన మూడవ డాక్యుమెంటరీలో ప్యాంగ్యాంగ్ లేదు. ఒసాకా ఇల్లు, వృద్ధురాలైన తల్లి, దర్శకురాలు పెళ్ళాడిన జపాన్ యువకుడు ఉన్నారు. తండ్రి సరదాగా విధించిన షరతు ఇక్కడ భంగమైంది. తల్లి మాత్రం అల్లుడి కోసం కోడి కడుపులో వెల్లుల్లి దట్టంగా కూరి గంటల తరబడి సూపు కాస్తుంది. అల్లుడు అది వండడం నేర్చుకుంటాడు. వంటకం గురించి సుదీర్ఘంగా సాగే ఈ దృశ్యాలు కొందరికి విసుగు కలిగించవచ్చు. మొదటి చిత్రంలోని పెట్టెలు కట్టే దృశ్యాల పక్కన ఉంచి చూస్తే వాటి విలువ తెలుస్తుంది. కొడుకులకు చేరవేయవలసిన తిండిని పెట్టెలో పెట్టి పంపిన చేతులు, ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి వడ్డిస్తున్నాయి.

తల్లి ఇన్నాళ్ళు చెప్పని సంగతి ఈ చిత్రానికి కేంద్రం. 1948లో జెజు ద్వీపంలో తిరుగుబాటు అణచివేత పేరుతో మొదలైన హత్యాకాండలో 25,000 నుంచి 30,000 మంది వరకు మరణించారని అంచనా. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె దానిని కళ్ళారా చూసి, జపాన్‌కు పారిపోయి వచ్చింది. దక్షిణ కొరియా ప్రభుత్వంపట్ల ఆమెకున్న అపనమ్మకం, ఉత్తరాన్ని నమ్మి కొడుకులను పంపడం, అప్పుచేసి మరీ వారికి డబ్బు పంపుతూ ఉండడం ఈ గతంనుంచి చూస్తే కొత్తగా అర్థమవుతాయి. ‘డియర్ ప్యాంగ్యాంగ్’ మొత్తం తండ్రి సిద్ధాంతాన్ని ప్రశ్నించింది. తల్లిని ఆ సిద్ధాంతపు నీడగా, పెట్టెలు కట్టే మనిషిగా చూసింది. బహుమతులు పొందిన ఆ చిత్రపు లోపమిది. మూడవ చిత్రం దానిని సరిదిద్దింది. ఈ సవరణ ఉత్సవాలు మెచ్చిన ప్రతిని కూడా తిరిగి చదవమని కోరుతుంది. తండ్రి పశ్చాత్తాపమే కథకు పరాకాష్ఠ అన్న పఠనం ఇక చెల్లదు.

తల్లి ఈ కథను చెప్పడం మొదలుపెట్టిన కొద్ది కాలానికే మతిమరపు వ్యాధి ముదిరింది. 2018లో హత్యాకాండ డెబ్బయ్యవ స్మారక సభకు కూతురు, అల్లుడు ఆమెను జెజుకు తీసుకువెళ్ళారు. అప్పటికి ఆమెకు చాలా సంగతులు గుర్తులేవు. చెప్పమని సంవత్సరాలుగా కోరిన కూతురు, ఇక చెప్పలేని తల్లి పక్కన నిలబడి ఏడుస్తుంది. సమ్మతి ప్రశ్న ఇక్కడ మరింత జటిలమవుతుంది. జ్ఞాపకం జారిపోతున్న మనిషిని చిత్రించడానికి అనుమతి ఎవరివ్వాలి? చిత్రం తన కెమెరాను సమర్థించుకోదు. దర్శకురాలు ఫ్రేములోకి వచ్చి, తల్లి చేయి పట్టుకొని, తానూ కనిపించే పాత్రగా మారింది. మొదటి చిత్రంలో ఆమె ఎక్కువగా కెమెరా వెనుక స్వరం. సోనా కెమెరా ఆపమన్న రోజునుంచి ఈ ఫ్రేము వరకు ఆమె నిలబడే చోటు జరుగుతూ వచ్చింది.

‘సూప్ అండ్ ఐడియాలజీ’ 2021లో డీఎంజెడ్ అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవంలో ప్రదర్శితమైంది. రెండు కొరియాల నడుమ ఉన్న సైనికరహిత మండలం పేరే ఆ ఉత్సవానికి పెట్టారు. గోయాంగ్, పాజు పట్టణాలు దాని వేదికలు. పాజు కొండలమీదినుంచి చూస్తే నది అవతల ఉత్తర కొరియా గ్రామాలు కనిపిస్తాయి. దర్శకురాలి తల్లి 2022 జనవరిలో మరణించింది. ప్యాంగ్యాంగ్‌లో మిగిలిన ఇద్దరు అన్నలు ఈ నాలుగు చిత్రాల్లో దేనినీ థియేటర్‌లో చూసే అవకాశం లేదు.